గీత దిగని వారం

డిసెంబరు 4, బుధవారం

నీళ్లు ఇరవై తొమ్మిది డిగ్రీలు. చేపలు ఆరూ క్షేమం. నేనూ క్షేమమే, అడిగేవాళ్లు లేకపోయినా.

మా ఆవిడ వాళ్లక్క ఇంటికి వెళ్లి నెల దాటింది. పోట్లాడి వెళ్లలేదు. పోట్లాటకైనా రెండు వైపులా మాటలుండాలి కదా. సూట్‌కేసు గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులేసుకుంటూ అంది: "మీతో ఉన్నా ఒక్కదాన్నే ఉన్నట్టుంది. ఆ ఒక్కదాన్నే ఉండేదేదో కొన్నాళ్లు అక్క దగ్గరే ఉంటా." నేను తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

చేపల్ని తీసుకెళ్లలేదు. వదిన ఇంట్లో పిల్లి ఉంది.

డిసెంబరు 5, గురువారం

గురువారం నీళ్లు మార్చే రోజు. తొట్టిలో మూడోవంతు తోడి పారబోసి, కొత్త నీళ్లు పోయాలి. పొయ్యి మీద వెచ్చబెట్టి కలిపినా ఎప్పుడూ కాస్త తక్కువే అవుతుంది. అప్పుడు ఫోన్లో వేడి చూపించే గీత కొంచెం దిగి, మళ్లీ మెల్లగా ఎక్కుతుంది.

ఇవి డిస్కస్ చేపలు. పళ్లెంలా గుండ్రంగా, పల్చగా ఉంటాయి. వీటికి నీళ్ల వెచ్చదనం ఒక్కలాగే ఉండాలి. అటూ ఇటూ అయితే అలిగి మూల కూర్చుంటాయి, మేత ముట్టవు. అందుకే తను హీటర్‌కి తోడు కంట్రోలర్ కూడా కొని పెట్టింది. దానికో తీగ, తీగ చివర చిటికెన వేలంత సెన్సర్. సెన్సర్ నీళ్లలో ఉండి ఎంత వేడో చెబుతుంది. ఇరవై తొమ్మిదికి తగ్గితే కంట్రోలర్ హీటర్‌ని వెలిగిస్తుంది, చేరగానే ఆపేస్తుంది. ఆ లెక్కంతా ఫోన్లో గీతలా కనిపిస్తుంది. నా ఫోన్లోనూ, తన ఫోన్లోనూ.

హీటర్‌కి సొంత నాబ్ కూడా ఉంది. దాన్ని తను ముప్పై ఒకటి దగ్గర పెట్టి ఉంచింది, కంట్రోలర్ చెడిపోయినా అది ఆపుతుందని. మొన్న చలికి నీళ్లు తొందరగా వేడెక్కడం లేదని నేను దాన్ని చివరిదాకా తిప్పేశాను. కంట్రోలర్ ఉందిగా ఆపడానికి.

డిసెంబరు 8, ఆదివారం

ఇరవై తొమ్మిది.

ఆరింటిలో పెద్దదానికి తను "అత్తగారు" అని పేరు పెట్టింది. నేను గదిలోకి రాగానే అది తొట్టి అద్దం దగ్గరికొచ్చి నన్ను పైనుంచి కిందికి చూస్తుంది. చూసి, ఏం లాభం లేదన్నట్టు వెనక్కి తిరుగుతుంది. తను ఉన్నప్పుడు దీన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వేది. నేను పేపర్లోంచి తలెత్తేవాణ్ణి కాదు.

ఇవాళ తలెత్తి చూశాను. నిజంగానే నవ్వొచ్చే చూపు. ఒక్కడినే నవ్వితే బాగోదని మానేశాను.

డిసెంబరు 9, సోమవారం

కళ్లద్దాల షాపు వెనక గదిలో పదకొండేళ్లుగా అద్దాలు కోస్తున్నాను. ముందు గదిలో కళ్లు పరీక్ష చేసే ఆయన్ని అందరం పవర్‌గారు అంటాం. ఆయన టీ కప్పు పట్టుకుని వెనక గదిలోకొచ్చి, "ఏమోయ్, మీ వదినగారి మోకాలు ఎలా ఉంది?" అన్నాడు.

తను ఎందుకు వెళ్లిందని మొదట్లో అడిగితే, వదినకు మోకాలి ఆపరేషన్ అని చెప్పాను. వదిన నాకన్నా గట్టిగా నడుస్తుంది. ఇప్పుడా మోకాలికి వారం వారం నేను వైద్యం చేయాల్సి వస్తోంది.

"వాపు తగ్గింది సార్."

"రెండో కాలు కూడా చూపించమను. ఒకటి పోతే రెండోది ఆగదు."

ఆయన వెళ్లాక ఒక ముసలావిడ జోడులో కుడి కన్ను అద్దం ఎడమకు, ఎడమది కుడికి బిగించాను. యజమాని చూసి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నాలో ఏదో తేడా వచ్చిందని ఆయనకూ తెలిసిందన్నమాట.

డిసెంబరు 12, గురువారం

నీళ్లు మార్చాను. వెచ్చబెట్టడానికి బద్ధకించి రెండు బకెట్లు చన్నీళ్లే పోశాను. గీత జర్రున దిగింది. బకెట్ ఇంకా చేతిలోనే ఉంది, ఫోన్ మోగింది. మెసేజ్.

"ఇవాళ నీళ్లు మరీ చల్లగా పోసినట్టున్నారు."

అంతే. అయితే రోజూ చూస్తోంది. ఫోన్ చెయ్యదు, నేను చేస్తే రెండు ముక్కల్లో ముగిస్తుంది. కానీ గీతను చూస్తోంది. వదిన ఇంట్లో సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఈ గదిలోకి తొంగి చూస్తోంది.

ఆ ఒక్క ముక్కే చాలాసార్లు చదివాను. "పోసినట్టున్నారు" అంది. కోపం లేదు అందులో. నాకైతే కనిపించలేదు.

డిసెంబరు 13, శుక్రవారం

ఇరవై తొమ్మిది. మెసేజ్ లేదు. నీళ్లు సరిగ్గా ఉంటే తనకు నాతో పనేముంది?

డిసెంబరు 15, ఆదివారం

ఈ రోజు గురించి పూర్తిగా రాసుకోవాలి. వంటగదిలో కూర్చుని రాస్తున్నాను. మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

మధ్యాహ్నం తిన్నాక తొట్టి ముందు కూర్చున్నాను. చిలిపి ఆలోచనే అనుకోవాలి. ఈ వయసులో చిలిపితనమేంటి అంటే, ఇంకే తనమూ మిగల్లేదు మరి. ఫ్రిజ్‌లోంచి గ్లాసుడు చన్నీళ్లు తెచ్చి, తొట్టిలోంచి సెన్సర్ పైకి తీసి గ్లాసులో ముంచాను. అంతే, అంకెలు పడిపోయాయి. ఇరవై ఏడు, ఇరవై నాలుగు, ఇరవై రెండు. నా ఫోన్లో హెచ్చరిక మోగింది. అంటే అక్కడా మోగి ఉంటుంది. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను, పరీక్ష ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా.

మోగింది.

"ఏమండీ, నీళ్లు ఇరవై రెండు చూపిస్తోంది. ఏమైంది?"

"కరెంటు పోయి వచ్చింది. చూస్తున్నా."

తను కాసేపు ఏమీ అనలేదు. దొరికిపోయానేమో అనుకున్నాను. తర్వాత, "సరే. భోంచేశారా?" అంది.

అక్కణ్ణుంచి ఏం మాట్లాడామో వరసగా గుర్తులేదు. పిల్లి మా తోడల్లుడి చెప్పుల్లో నిద్రపోతుందట. ఆయన గురకకు అదొక్కటే భయపడదట. నేను ముసలావిడ కళ్లద్దాల సంగతి చెప్పాను. వదిన మోకాలి గురించి కూడా చెప్పేశాను. ఫోన్లోంచి పెద్దగా నవ్వు. "అక్కా, నీకు ఆపరేషన్ అయిందట" అని అటు కేకేసి చెప్పింది. వదిన ఏదో తిట్టింది. ఆ తిట్టు కూడా తియ్యగా ఉంది.

తర్వాత ఎలా వచ్చిందో తెలియదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పాను. గదిలో తొట్టి ఫిల్టర్ చప్పుడు తప్ప ఏమీ వినపడదని, ఆ చప్పుడు లేకపోతే పిచ్చెక్కేదని చెప్పాను. మా నాన్న పోయినప్పుడు నేనెందుకు ఏడవలేదో చెప్పాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని సంగతి అది. చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. తను మధ్యలో "ఊ" అంటూనే ఉంది. ఒకసారి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఈ మాటలు నేనక్కడ ఉన్నప్పుడు ఏమయ్యాయండీ?" అంది.

"తెలీదు. ఉన్నాయి. నోట్లోకి రాలేదు."

కిటికీలో ఎండ పోయేదాకా మాట్లాడుకున్నాం. పెట్టేసే ముందు అంది: "వచ్చే ఆదివారం వస్తా. బట్టలు తెచ్చుకుంటా. రెండు మూడు రోజులు ఉండి చూస్తా." ఉండి చూస్తా అంది. చూశాక? అదే అడగబోయి ఆగాను. అన్నీ ఒకేరోజు అడగకూడదు.

ఇంట్లో కూర్చోలేక బజారుకు వెళ్లాను. తనకిష్టమని ఉప్పు బిస్కెట్లు కొన్నాను. దారిలో పూలకొట్టు ముందు ఆగి, సిగ్గేసి ముందుకు నడిచాను. ఎదురైన ప్రతివాడికీ ఏదో ఒకటి చెప్పాలనిపించింది. తిరిగొచ్చి నేరుగా ఇక్కడ కూర్చున్నాను, మర్చిపోకముందే రాసుకుందామని.

ఇక లేచి చేపలకు కూడా చెప్పాలి.

డిసెంబరు 16, సోమవారం

షాపుకు వెళ్లలేదు.

డిసెంబరు 17, మంగళవారం

ఇరవై తొమ్మిది.

రాయకపోతే జరగనట్టా? రాస్తాను.

సెన్సర్ గ్లాసులోనే ఉండిపోయింది. గ్లాసులో చన్నీళ్లు. కంట్రోలర్‌కి ఏం తెలుసు పాపం? తొట్టి చల్లబడిపోయిందనుకుని హీటర్‌ని వెలిగించింది, ఆపలేదు. హీటర్ నాబ్ ఆపేదే, దాన్ని నేను చివరిదాకా తిప్పి పెట్టాను. ఫోన్లో నాన్న గురించి చెబుతున్నప్పుడు, బిస్కెట్లు కొంటున్నప్పుడు, ఇక్కడ కూర్చుని తియ్యటి తిట్టు అని రాస్తున్నప్పుడు, పక్క గదిలో అవి ఉడుకుతున్నాయి.

ఆ రాత్రి రాయడం ముగించి వెళ్లి చెయ్యి పెడితే స్నానాల నీళ్లంత వేడి. ఐదు పైకి తేలి, పక్కకు ఒరిగి ఉన్నాయి. రంగు పోయి తెల్లబడ్డాయి. అత్తగారు ఒక్కటే అడుగున మూలలో, మొప్పలు గబగబా కొట్టుకుంటూ ఉంది.

ఇది కూడా రాయాలి. మొదట నాకు చేపల మీద జాలి కలగలేదు. సెన్సర్ ఇప్పుడు నీళ్లలో పెడితే తన ఫోన్లో ఎంత కనిపిస్తుందో అనే భయం కలిగింది. అందుకే పెట్టలేదు. హీటర్ ఆపి, వేడినీళ్లు తోడి చన్నీళ్లు పోసి, చేత్తో చూసుకుంటూ చల్లార్చాను. గోరువెచ్చనయ్యాక అప్పుడు సెన్సర్ తెచ్చి ముంచాను. ఇరవై తొమ్మిది. తన ఫోన్లో చూస్తే, పడిపోయిన నీళ్లు మళ్లీ మామూలుగా అయ్యాయి. అంతే.

ఐదింటినీ వెనక ఖాళీ జాగాలో పాతిపెట్టాను. పార లేక గరిటెతో తవ్వాను.

అత్తగారు బతుకుతుంది. బతికితే చాలు. మిగతావాటికి జబ్బు చేసిందని చెప్పొచ్చు. ఒకటి ఉన్నా తను ఉండి చూస్తుంది.

డిసెంబరు 18, బుధవారం

అత్తగారు పొద్దున పోయింది.

పాతిపెట్టి చేపల కొట్టుకు వెళ్లాను. కొట్టాయన మమ్మల్ని మొదట్నుంచీ ఎరుగును. సంగతి చెప్పలేదు, ఆరు డిస్కస్‌లు కావాలన్నాను. ఆయన వల చేతిలోకి తీసుకుని ఆగాడు.

"ఉన్నవి ఏమయ్యాయి సార్?"

"పోయాయి."

"అమ్మగారికి తెలుసా?"

నేను ట్యాంకులు చూస్తున్నట్టు నటించాను. ఆయన వల పక్కన పెట్టేశాడు. "ఇవి అలాంటివే కానీ, అవి కావు కదండీ. ఆవిడ వాటిని గోరంత ఉన్నప్పట్నుంచి పెంచారు. ముఖం చూసి గుర్తుపడతారు. తీసుకెళ్తానంటే నేనెందుకు వద్దంటాను? కానీ మీరు ఇరుక్కుంటారు."

ఉత్త చేతులతో వచ్చాను. తొట్టిలో లైటు వేసి కూర్చున్నాను. ఫిల్టర్ చప్పుడు చేస్తోంది, హీటర్ వెలిగి ఆరుతోంది. ఎవరూ లేని నీళ్లు ఇరవై తొమ్మిది దగ్గర నిలకడగా ఉన్నాయి. ఇల్లు ఊడ్చి దీపం పెట్టినంత పద్ధతిగా ఉంది.

డిసెంబరు 19, గురువారం

ఇరవై తొమ్మిది. నీళ్లు ఎవరి కోసం మార్చాలి?

డిసెంబరు 20, శుక్రవారం

షాపులో ఉండగా తన మెసేజ్: "అందరూ బాగున్నారా?"

అద్దాలు కోసే మిషన్ ఆపి నిలబడ్డాను. ఇదే అదను. చెప్పేస్తే అయిపోతుంది. రెండు ముక్కలు చాలు. ఒక ముక్క టైపు చేశాను, కొట్టేశాను. మళ్లీ చేశాను. పవర్‌గారు లోపలికొచ్చి, "మోకాలా?" అన్నాడు.

"అవును సార్."

"బాగున్నారు" అని పంపించాను.

ఆదివారం ఎదురుగా కూర్చోబెట్టి చెప్పడమే మంచిది. ఇలాంటివి ఫోన్లో చెప్పకూడదు. ముఖం చూస్తూ చెబితే అర్థం చేసుకుంటుంది. నేను పిరికితనంతో ఆగడం లేదు, పద్ధతి ఆలోచించి ఆగుతున్నాను.

డిసెంబరు 21, శనివారం

పిరికితనమే.

దుప్పట్లు ఉతికాను. బిస్కెట్లు డబ్బాలో పోశాను. సాయంత్రం ఫోన్ చేశాను. తీసింది. "రేపు ఎన్నింటికి వస్తావు?" అన్నాను. "పొద్దున్నే" అంది. "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగింది. "ఏం లేదు, జాగ్రత్తగా రా" అన్నాను. "సరే" అంది. తర్వాత పెట్టేసింది.

డిసెంబరు 22, ఆదివారం

పొద్దున్నే వచ్చింది. తలుపు తీయగానే చేతుల వైపు చూశాను. సూట్‌కేసు లేదు. భుజాన చిన్న హ్యాండ్‌బ్యాగ్, అంతే. అప్పుడే నాకు అర్థం కావాల్సింది.

చెప్పులు విప్పి నేరుగా తొట్టి దగ్గరికి వెళ్లింది. కంగారు పడలేదు. వంగి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఆదివారమేనా?" అంది.

జబ్బు చేసిందని చెప్పడానికి వారమంతా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు. "ఆదివారమే. అత్తగారు మాత్రం బుధవారం" అన్నాను.

"సెన్సర్ గ్లాసులో పెట్టారు కదూ?"

గోడకు ఆనుకున్నాను.

"ఇంత తొట్టిలో నీళ్లు చిటికెలో ఏడు డిగ్రీలు పడతాయా అండీ? కరెంటు పోయిందన్నారు. కరెంటు పోతే కంట్రోలరూ ఆగిపోతుంది, నాకు గీతే రాదు. ఫోన్ చెయ్యకముందే అనుమానం వచ్చింది. మీరు కరెంటు అనగానే ఖాయమైపోయింది."

"తెలిసీ ఏమీ అనలేదా?"

"అనాలనే అనుకున్నా. ముందు దాన్ని నీళ్లలో పెట్టండి అని నోటిదాకా వచ్చింది. అంటే మీరు సిగ్గుపడిపోయి పెట్టేస్తారు. ఫోన్ కూడా పెట్టేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?" తొట్టి వైపే చూస్తూ మాట్లాడుతోంది. "ఇన్నాళ్లకి ఈ మనిషి నన్ను పిలవడానికి ఏదో ఒకటి చేశాడు కదా అనిపించింది. ఇంకో ఐదు నిమిషాలు విని చెబుదాం అనుకున్నా. మీరేమో మామయ్యగారి సంగతి ఎత్తుకున్నారు. ఎలా ఆపను? ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అనుకుంటూ కూర్చున్నా."

"ఫోన్ పెట్టాకైనా..."

"మీరే పెట్టేస్తారనుకున్నా. తర్వాత చూస్తే గీత ఇంకా కిందే ఉంది. మళ్లీ ఫోన్ చేస్తే, మీ నాటకం నాకు తెలుసని మీకు తెలిసిపోతుంది. చిన్నబుచ్చుకుంటారని ఆగాను." అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నాబ్ ముప్పై ఒకటి మీద ఉందిలే, ఆపుతుందిలే అనుకున్నా."

"నేను తిప్పేశాను" అన్నాను.

"ఊ. ఇప్పుడే చూశా."

తను చెయ్యి ముంచి నాబ్‌ని మళ్లీ ముప్పై ఒకటి దగ్గరికి తిప్పింది.

"గీత మళ్లీ ఇరవై తొమ్మిదికి వచ్చాక హమ్మయ్య అనుకున్నా. గురువారం దాకా అలాగే అనుకున్నా. గురువారం నీళ్లు మారుస్తారు కదా, గీత దిగాలి. పొద్దున్నించీ చూశా. దిగలేదు. ఏ చేప కోసం మారుస్తారు మరి? అప్పుడు తెలిసింది. శుక్రవారం అందుకే అడిగా, అందరూ బాగున్నారా అని. చెబుతారనుకున్నా. నిన్న కూడా అడిగా."

"చెబుదామనే..."

"నేను మాత్రం చెప్పానా? ఇద్దరం ఇద్దరమే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎంత బాగా మాట్లాడారండీ ఆ రోజు. నా జన్మలో అలా వినలేదు. ఇప్పుడా మాటలు తల్చుకుందామంటే అవి ఇక్కడ కొట్టుకుంటూ ఉండడమే కళ్లముందుకొస్తోంది. మీకు రావడం లేదూ?"

వస్తోంది. మాట్లాడితే అబద్ధం చెబుతానేమోనని తలూపాను.

"తొట్టి ఖాళీ చేసి వెళ్తా" అని లేచింది.

హీటర్ స్విచ్ ఆపింది. వేడిగా ఉన్న హీటర్‌ని నీళ్లలోంచి వెంటనే తీయకూడదు, గాజు పగులుతుంది. చల్లారేదాకా ఆగాలి. ఇద్దరం తొట్టికి చెరో పక్కన కూర్చున్నాం. నేను మాట్లాడడానికి నాకు దొరికిన సమయం అదే. ఉండు అనాలి. బట్టలు లేకపోతే పోనీ, నా చొక్కా ఏదైనా వేసుకుని ఈ ఒక్క పూట ఉండు అనాలి. చేపలు లేకపోయినా నీతో మాట్లాడతాను, ఆ రోజు మాట్లాడిందే మళ్లీ మొదట్నుంచి చెబుతాను అనాలి. ఇవన్నీ లోపల వరసలో నిలబడ్డాయి. తను కూడా దేనికోసమో ఎదురు చూస్తున్నట్టు నా వైపు చూస్తూనే ఉంది. ఒక చెయ్యి నీళ్లలో ఉంది.

"చల్లారింది" అంది కాసేపటికి.

నేను గొంతు సవరించుకున్నాను. తను స్టూలు మీద కొంచెం ముందుకు జరిగింది.

"హీటర్ తీసుకెళ్తావా?" అన్నాను.

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. తర్వాత, "ఇవ్వండి" అంది.

పాత పేపరు తెచ్చాను. తడి తుడిచి, గాజు పగలకుండా ఒక మడత మీద ఇంకో మడత వేసి, చివరలు దారంతో కట్టి ఇచ్చాను. నా జీవితంలో ఇంత జాగ్రత్తగా నేను దేన్నీ పట్టుకోలేదు.